ముక్కల టికెట్టు

డర్హమ్ నుంచి బ్రిస్టల్‌కి ఒకే టికెట్టయితే తొంభై నాలుగు పౌండ్లు.
అదే రైలుకి, అదే రోజుకి
దారిని ఐదు ముక్కలు చేసి కొంటే ముప్ఫై ఒకటి.
ఎందుకని నన్నడక్కండి.
కాయ కంటే కోసిన ముక్కలు చవకయ్యే పుచ్చకాయ
నేనింకెక్కడా చూళ్లేదు.

మూడు రాత్రులు పట్టింది ఆ కోత కొయ్యడానికి.
లైబ్రరీలో, హీటరుకి వీపు ఆనించి
(గదిలో వేస్తే మీటరు తిరుగుతుంది),
థీసిస్‌కి పెట్టని శ్రద్ధంతా పెట్టి.

టికెట్లు ఐదు, సీట్లు ఐదు, మనిషిని ఒక్కదాన్ని.
కాగితం ప్రకారం యార్క్‌లో దిగిపోయాను.
కాగితం ప్రకారం యార్క్‌లోనే మళ్లీ ఎక్కాను.
నిజానికి బ్యాగు భుజానేసుకుని
ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి నడిచానంతే,
"ఏమనుకోకండి, అది నా సీటు" అంటూ
స్వెట్టరల్లుకుంటున్న పెద్దావిడని లేపుతూ.
ఊలు ఉండ దొర్లిపోయింది.
రెండు వరసల అవతల దొరికింది.

షెఫీల్డ్ దాటాక వచ్చాడు కండక్టరు.
పేకముక్కల్లా పరిచాను అన్నీ, కాస్త గర్వంగానే.
ఒకటి చూశాడు, రెండు చూశాడు,
మూడోదాని దగ్గర ఆగాడు.
"ఇది వచ్చే శనివారానిది."

తారీకు.
నేనే నొక్కాను, రాత్రి రెండింటికి, నిద్ర కళ్లతో.
షెఫీల్డ్ నుంచి డెర్బీ దాకా
ఇవాళ నేను లేను.

కొత్త టికెట్టు ఇరవై చిల్లర.
జరిమానా మాట అతనెత్తలేదు, నేను గుర్తు చెయ్యలేదు.
ఖాతాలో ఉన్నవి పదకొండు,
షాపు జీతం పడేది మంగళవారం.
నా మొహం చూశాడు, గడియారం చూశాడు.
"ఆరు నిమిషాల్లో చెస్టర్‌ఫీల్డ్ వస్తుంది. దిగిపో.
నేనింకా ఈ పెట్టెలోకి రాలేదు."
చెల్లని టికెట్టు వెనక
డెర్బీ బస్సు నంబరు రాసిచ్చాడు పెన్నుతో,
అచ్చం పార్వతీపురం బస్సులో
ఇవ్వాల్సిన చిల్లర టికెట్టు వెనక రాసిచ్చినట్టే.
(ఆ మూడు రూపాయలు నాకింకా రావాలి.)

దిగి తలెత్తితే
ఊరి మీద చర్చి శిఖరం మెలితిరిగి ఉంది,
తడి చీర పిండుతూ పిండుతూ
ఎవరో పిలిస్తే వదిలేసి పోయినట్టు.

సమాధుల పక్క బల్ల మీద కూర్చుని
ఐస్‌క్రీం డబ్బా మూత తీశాను.
పులిహోర చలికి బిగుసుకుంది.
ఇంగువ వాసనకి ఒక కుక్క,
కుక్క వెనకే ఒక ముసలాయన.
అడక్కుండానే చెప్పాడు:
పచ్చి కర్రతో కట్టారట, ఆరబెట్టే ఓపిక లేకో డబ్బు లేకో.
పైన సీసం రేకుల బరువు. ఎండలకి వంకర పోయింది.
"చవగ్గా కానిచ్చారమ్మా. ఆరొందల ఏళ్లయింది, పడితేగా!"
నా టికెట్ల కథ నేనూ చెప్పాను.
అర్థమైందో లేదో, పడీపడీ నవ్వాడు.
ఈలోగా పల్లీలన్నీ కుక్క ఏరుకు తినేసింది.

డెర్బీ దాకా బస్సు.
అక్కణ్ణుంచి రాత్రి కోచ్, జహీరా తన ఫోన్లో కొన్నది.
బర్మింగ్‌హామ్‌లో మూసేసిన కాఫీ షాపు ముందు
రెండు గంటలు, సాక్సు మీద సాక్సు తొడుక్కుని.
తెల్లారి ఐదున్నరకి బ్రిస్టల్.
కేర్‌హోమ్ డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చింది జహీరా.
"మొత్తం ఎంతైందే సువర్చలా?"
చెప్పాను.
"తొంభై నాలుగు కంటే తక్కువేగా" అంది,
ఆవలింతా నవ్వూ కలిసిపోయిన గొంతుతో.
బస్సుకి మళ్లీ డబ్బులెందుకని
గది దాకా నడిచాం.

ఆ మూడో ముక్క పారెయ్యలేదు.
వచ్చే శనివారం పది ఇరవై నాలుగుకి
షెఫీల్డ్‌లో రైలు ఆగుతుంది.
సి పెట్టె, నలభై ఒకటి, కిటికీ పక్క.
నిలబడ్డవాళ్లెవరైనా ఉంటే
డెర్బీ దాకా కూర్చోండి.
డబ్బు కట్టేశాను.